నక్షా కాదు మొర్రో

ఊరికే గీసుకుంటున్నాను అంటే మా గల్లీలో నమ్మినవాడు ఒక్కడూ లేడు. ఊరికే పేకాడొచ్చు. ఊరికే చౌరస్తాలో నిలబడి వచ్చేపోయేవాళ్లను చూస్తూ సాయంత్రమంతా వెళ్లదీయొచ్చు. వాటికెవరూ కారణం అడగరు. చేతిలో పెన్సిల్ పట్టుకున్న మనిషికి మాత్రం కారణం ఉండి తీరాలి. పెళ్లయిన మనిషి, నెల జీతం మనిషి, మీసాలున్న మనిషి కాగితం ముక్క మీద చెప్పుల జతనో చాయ్ గ్లాసునో గీసుకుంటూ కూర్చుంటే చూసేవాళ్లకు ప్రాణం కుదురుగా ఉండదు. 'ఎందుకు?' అంటారు. ఎందుకేమిటి, నా తలకాయ!

నేను చిత్రకారుణ్ని కాను. ఎప్పుడూ అనుకోలేదు కూడా. బడిలో మాకొక డ్రాయింగు సారు ఉండేవాడు. ఏడాదంతా బెండకాయలు, కూజాలు గీయించేవాడు. ఆయన నేర్పినవాటిలో నాకు మిగిలింది ఒకటే. గీయబోయే వస్తువుకు ఎదురుగా కూర్చుని, పెన్సిల్ పట్టుకున్న చెయ్యి బారుగా చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలిని పెన్సిల్ మీద జరుపుతూ ఏది ఎంత ఎత్తుందో చూసుకోవాలి. అప్పుడే తల పెద్దదీ కాళ్లు చిన్నవీ కాకుండా ఉంటాయి. బడి పోయింది, సారు పోయాడు, ఆ అలవాటు మాత్రం నా చేతికి అంటుకుపోయింది. నా కొంప ముంచింది కూడా అదే.

డెబ్భైల నడిమి నుంచీ మేము మొఘల్‌పురాలో ఒక సన్న గల్లీలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాకు కంచన్‌బాగ్ వైపు ఒక కార్ఖానాలో స్టోర్సు పని. నట్లు, బోల్టులు, రాడ్లు లెక్కచూసి ఇచ్చే ఉద్యోగం. ఇచ్చేవాటికీ ఇచ్చేవాటికీ నడుమ మస్తు ఖాళీ ఉండేది. ఖాళీ దొరికితే నా చెయ్యి ఊరుకోదు. బస్సు టికెట్టు వెనకాల, సిగరెట్టు పెట్టె లోపలి కాగితం మీద, ఏది దొరికితే దాని మీద ఏదో ఒకటి గీసేవాణ్ని.

కానీ అది మామూలు కార్ఖానా కాదు, మిలిటరీకి సామాను చేసేది. గేటు దగ్గర జేబులు తడిమేవాళ్లు. ఒకరోజు డ్యూటీ దిగి వస్తుంటే గేటు జవాను నా చొక్కా జేబులోంచి బస్సు టికెట్టు తీసి వెనక్కి తిప్పి చూశాడు. దాని మీద బర్రె తల ఉంది. నేను గీసిందే. కొమ్ములు కొంచెం వంకర తిరిగాయి, ఒప్పుకుంటాను.

"యే కౌన్‌సా పార్ట్ హై?" అన్నాడు.

"పార్ట్ కాదు సాబ్, భైంస్. బర్రె."

"అందర్ భైంస్ కహాఁ సే ఆయీ?" అన్నాడు. లోపలికి బర్రె ఎక్కణ్నుంచి వచ్చిందని! లోపల బర్రె లేదనీ, నా తలకాయలో ఉందనీ ఎంత చెప్పినా వినడే. ఆ టికెట్టు పెద్ద సారు బల్ల మీదికి వెళ్లింది. ఆయన అద్దాలు పెట్టుకుని చూసి, బర్రెనే అని తేల్చి, ఇకమీదట లోపల ఏ కాగితం మీదా ఏ గీతా గీయొద్దని నాకు నచ్చజెప్పి పంపాడు. బస్సులో ఇంటికి వచ్చేదాకా నాకు పళ్లు కొరుక్కోవడమే సరిపోయింది.

ఇంట్లో అయితే గీయొద్దని ఎవరూ అనలేదు. నా భార్యకు నా బొమ్మల మీద కోపం లేదు. ఆమెకు కాగితం అంటే పొదుపు, అంతే. నేను గీసి పక్కన పెట్టింది మరుసటి రోజుకల్లా అల్మారాలో పచ్చడి జాడీల కింద పరిచి ఉండేది. అడిగితే, "అటుదిక్కు ఖాళీగనే ఉన్నది గద, ఏం పాయె?" అనేది. గీస్తుండగా చూస్తే, "జర ఆ మిర్పకాయలు ఎండల పొయ్యరాదు? గీకుడు యాడికి వోతది?" అనేది. ఇక చుట్టుపక్కల అమ్మలక్కలు సరేసరి. ఒకామె దిండుగలీబు మీద చిలకలు గీసి పెట్టమంటుంది. ఇంకొకామె కొడుకు సైన్సు రికార్డులో కప్ప గుండెకాయ గీసి పెట్టమంటుంది. అవి గీస్తే మంచివాణ్ని. నాకోసం గీసుకుంటే పనిలేనివాణ్ని.

అందుకని ఆదివారం పొద్దున మిర్చీలు ఎండబోసి, గల్లీలోకి వచ్చి, ఒక రాయి మీద కూర్చుని గీసుకోవడం మొదలుపెట్టాను. నా ఎదురుగా పెరుగవ్వ ఇల్లు ఉండేది.

అసలు పేరేమిటో ఎవరికీ పట్టలేదు. పెరుగు అమ్ముతుంది కనుక పెరుగవ్వ. ఒకప్పుడు వాళ్లకు వెనక దొడ్లో బర్రెలుండేవి. మొగుడు పోయాడు, బర్రెలు పోయాయి, ఆమె పెరుగు మాత్రం మానలేదు. ఎక్కణ్నుంచో పాలు తెప్పించి తోడుపెట్టేది. ఇల్లంటే ఒకటే చీకటి గది. దాని ముందు గల్లీలోకి పొడుచుకొచ్చిన అరుగు. షాబాదు బండలు తెచ్చి ఆమె మొగుడే తన చేతులతో వేశాడట. ఎడమవైపు మూల ఏదో బండి తగిలి పగిలిపోయింది. ఆ అరుగు మీదే ఆమె బతుకంతా. పొద్దున పెరుగుకుండ పక్కన పెట్టుకుని, ఒక మోకాలు పైకి మడిచి, దాని మీద చెయ్యి వేలాడేసి కూర్చునేది. పెరుగు అయిపోయాక కూడా లేచేది కాదు. నల్లా దగ్గర బిందెల లొల్లి అయినా, మొగుడూపెళ్లాల పంచాయితీ అయినా ఆ అరుగు ముందుకు రావలసిందే. ఆమె తిట్టాల్సినవాళ్లను తిట్టి, పంపాల్సినవాళ్లను పంపేది. ఆ అరుగు ఉంటేనే ఆమె అందరికీ అవ్వ. లోపల చీకటి గదిలో కూర్చుంటే ఎవరికీ ఏమీ కాదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఆమెను చాలా ఆదివారాలు గీశాను. మోకాలు కుదిరితే చెయ్యి కుదరదు, చెయ్యి కుదిరితే మనిషి పక్కకు ఒరిగిపోయినట్టుండేది. ఆ రోజు నా దగ్గర మంచి డ్రాయింగు షీటు ముక్క ఉంది, ఆ కప్ప గుండెకాయ తాలూకు మిగిలింది. మొదట గల్లీ గీశాను. మురుగు పారే మోరీ, నల్లా, మోరీ మీద పక్కింటి దర్జీ భాయ్ కుట్టుమిషను పెట్టుకునే చెక్కపలక, అన్నీ వేశాను. తర్వాత అరుగు, పగిలిన మూలతో సహా. చివరకు అవ్వ. నాకే నమ్మకం కలగలేదు. మోకాలు కుదిరింది. దాని మీద చెయ్యి కుదిరింది. వేళ్ల బరువు కూడా కాగితం మీదికి వచ్చింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఒక్క బొమ్మ నేను అనుకున్నట్టు రావడం అదే మొదటిసారి. 

ఇంకోసారి సరిచూసుకుందామని చెయ్యి బారుగా చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలు జరుపుతున్నాను. దర్జీ భాయ్ మిషను మీదినుంచే అరిచాడు. "క్యా మియా, బుడ్ఢీ కూ ఆంఖ్ మార్రైఁ?"

ముసలామెకు కన్ను కొడుతున్నావా అని! నవ్వొచ్చింది. నవ్వుతూనే, "నై భాయ్, గల్లీ కా నక్షా బనారౌఁ" అన్నాను.

నక్షా అన్న ఆ ఒక్క మాట నా నోట్లోంచి ఎందుకు వచ్చిందో చెబుతాను. నాది తెలుగు మీడియం. నా ఉర్దూ అంతా బజార్లో, కార్ఖానాలో నేర్చుకున్నది. కార్ఖానాలో కాగితం మీద గీసినదాన్ని దేన్నయినా మావాళ్లు నక్షా అనేవాళ్లు. తస్వీర్ అనే మాట నాకు తెలియక కాదు. తస్వీర్ అంటే గోడకు వేలాడదీసే ఫొటో అని నా లెక్క. గల్లీ మొత్తం గీశాను కదా, నక్షా అంటే గొప్పగా ఉంటుందనుకున్నాను. మా గల్లీవాళ్లకు మాత్రం నక్షా అంటే ఒకటే. సర్కారువాళ్లు ఇళ్లు కొలిచి గీసుకుపోయేది. అది గీసుకుపోయిన కొన్నాళ్లకు గడ్డపారలు వస్తాయి.

ఆ రోజుల్లో రోడ్డు వెడల్పు అన్న మాట పాతబస్తీ అంతటా నలుగుతోంది. ఇవాళ ఫలానా బజారు, రేపు ఫలానా గల్లీ అని రోజుకొక పుకారు. పైగా నా ఒంటి మీద ఖాకీ ప్యాంటు. కార్ఖానావాళ్లు ఇచ్చిన పాత ప్యాంటును ఆదివారాలు తొడిగి చింపెయ్యమని నా భార్య శాసనం. ఖాకీ ప్యాంటు, కాగితం, పెన్సిలు, చాచిన చెయ్యి, మూసిన కన్ను, నోట్లో నక్షా అన్న మాట. ఇంకేం కావాలి?

దర్జీ భాయ్ కాలు పెడలు మీద ఆగిపోయింది. "నక్షా?" అన్నాడు. నేను అవునంటూ తలూపాను. మూర్ఖుణ్ని.

మధ్యాహ్నం అన్నం తిని లేచేసరికి దర్జీ భాయ్ గుమ్మంలో ఉన్నాడు, చేతిలో చాయ్ కెటిలుతో. పక్కపక్కనే ఇన్నేళ్లున్నా మా ఇంటికి ఏనాడూ చాయ్ తేనివాడు. తెలుగులోకి దిగి మాట్లాడాడు, ఎంత ఫికరు పట్టుకుందో అప్పుడే అర్థం కావలసింది.

"అన్నా, నా చెక్క మోరీ మీదనే ఉన్నది, రోడ్డు మీద లేదు. జర చూసి రాయి."

"భాయ్, నేను రాసేదేంది? అది బొమ్మ."

"హౌ హౌ, బొమ్మనే. నేనెవ్వరికి చెప్ప. నా చెక్క మాత్రం చిన్నగ వెయ్యి."

ఆయన వెళ్లాడో లేదో వెనకాలే మూలింటాయన. "గల్లీనే జర వెడల్పుగ గియ్యరాదు అన్నా? ముందే వెడల్పుంటె ఇగ వెడల్పు చెయ్యనీకి ఎవడొస్తడు?" అన్నాడు. ఆ ఉపాయం విని చుట్టూ చేరినవాళ్లంతా సెబాసన్నారు. పాలాయన అయితే ఏమీ అడగలేదు. మరునాటి నుంచి మా ఇంటికి నీళ్లు కలపని పాలు పోశాడు. అంటే అన్నాళ్లూ ఏం పోశాడో నాకు తెలిసిపోయింది, నోరెత్తి అడగడానికి లేదు.

"నక్షా కాదు మొర్రో, బొమ్మ!" అని మొత్తుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చూస్తేనైనా తెలుస్తుందని షీటు తెచ్చి అందరికీ చూపించాను. అంతకంటే బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. "ఇగో, నల్లా సుత ఏసిండు!" "మోరీ బండ చూడు, పగులుతోని సహా!" అని ఒకరినొకరు తోసుకున్నారు. పూవో పండో గీస్తే బొమ్మ అని నమ్మేవాళ్లేమో. మోరీని ఇంత శ్రద్ధగా సర్కారు కోసం తప్ప ఎవడు గీస్తాడు? వాళ్ల ప్రశ్న అది. "బొమ్మయితె కన్ను మూసి ఎందుకు గొల్చినవ్?" అని మూలింటాయన నిలదీశాడు. డ్రాయింగు సారు సంగతి చెప్పబోయాను. "అంటే సర్వే సారే నేర్పిండా?" అన్నాడు.

అందరూ వెళ్లాక ఇంట్లోకి వస్తే నా భార్య పాలగిన్నె పొయ్యి మీద పెట్టి మెల్లగా అడిగింది, "నాకు చెప్పకుంట మునిసిపాల్టీల చేరినవా ఏంది?"

కట్టుకున్నదానికే అనుమానం వస్తే ఊరివాళ్లను ఏమని ఏం లాభం? ఆ పూట అన్నం సహించలేదు.

పెరుగవ్వ మాత్రం రాలేదు. నా భార్య గిన్నె పట్టుకుని పెరుగుకు వెళితే, "లేదు, ఒడిసింది" అని ముఖం తిప్పుకుంది. కుండలో పెరుగు కనిపిస్తూనే ఉంది. తర్వాతి రోజూ అదే. ఆ మర్నాడు సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఆమె మా గుమ్మంలో నిలబడి ఉంది. అరుగు దిగి ఆమె ఒకరింటికి వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. నా భార్య పీట వేసింది. కూర్చోలేదు.

"కొడుకా, నా అరుగు గీసినవంట. చెరుపు."

"అవ్వా, అది ఉత్త బొమ్మ. చెరిపినా చెరపకున్నా నీ అరుగుకేం కాదు."

"ఏం కాదంటివి గద. ఏం కాకుంటె చెరుపు మరి."

దీనికి జవాబు చెప్పగలిగినవాడెవడైనా ఉంటే నాకు చూపించండి. "నా జన్మల కుదిరిన బొమ్మ ఇదొక్కటే అవ్వా" అన్నాను.  ఆమె నా ముఖంలోకి చూసింది.

"నాకు సుత గా అరుగు ఒక్కటే కొడుకా."

 షీటు తీసి గుమ్మంలో వెలుతురుకు పెట్టాను. రబ్బరు తీశాను. "నిన్ను సుత చెరపాల్నా?" అన్నాను, కోపంతో.

"నన్నెందుకు? నేనేమన్న రోడ్డు మీదికొచ్చిన్నా? నన్నుండని."

చెరిపాను. నా పెన్సిలు గట్టిది, నా చెయ్యి మరీ బరువు, గీత కాగితంలోకి దిగిపోయింది. ఎంత రుద్దినా రబ్బరు నలుసులు రాలాయి తప్ప అరుగు పూర్తిగా పోలేదు. నల్లటిది పోయి గాడి మిగిలింది. పగిలిన మూల దగ్గర అయితే కాగితం బొచ్చు లేచింది. అవ్వ వంగి ప్రతి గీతా పోతోందో లేదో చూసింది. ఆఖరున నేను ఊదేసరికి నలుసులన్నీ నా భార్య ఊడ్చిన వాకిట్లో పడ్డాయి. కాగితం మీద ఒక ముసలామె మోకాలు మడిచి, పక్కన కుండ పెట్టుకుని, గాలిలో కూర్చుని ఉంది. కింద ఏమీ లేదు.

"ఆఁ. ఇప్పుడు మంచిగున్నది" అంది అవ్వ. షీటు నా చేతిలోంచి తీసుకుని చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంది. "నా కాడనే ఉంటది. నీ కాడుంటె మల్ల గీస్తవ్."

తెల్లారి మాకు పెరుగు దొరికింది. మీగడతో సహా. నాకు తినబుద్ధి కాలేదు. నా భార్య, "పోనీతియ్, ఇంకొకటి గీసుకో" అంది. ఇంకొకటి గీసుకోవడం ఏమన్నా ఇంకొక గ్లాసు చాయ్ పోసుకోవడమా?

అప్పటినుంచి గల్లీలో నాకు పెన్సిలు తీసే యోగం పోయింది. సామాను చీటీ రాద్దామని జేబులో చెయ్యి పెడితే చాలు, దర్జీ భాయ్ మిషనుతో సహా చెక్కను వెనక్కి గుంజుకునేవాడు. మూలింటాయన గోడకు వేసిన నులకమంచం లోపలికి పోయేది. నన్ను చూసి నవ్వుతూ పలకరించేవాళ్లు కూడా చేతిలో ఏముందో చూశాకే నవ్వేవాళ్లు. పోనీ గల్లీ దాటి పోదామని ఒక సెలవుపూట నయాపూల్ దాకా వెళ్లి, కోర్టు కచేరీల పక్కన చెట్టు నీడలో కూర్చుని కాగితం తీశాను. చుట్టూ అర్జీలు రాసేవాళ్లు ఉన్నారన్న సంగతి గమనించలేదు. ఒక పెద్దమనిషి వచ్చి నా ముందు గొంతుక్కూర్చుని, తమ్ముడితో పొలం తగాదా మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. నేను అర్జీలు రాయనని చెబితే, "మరి కాయితం పట్టుకోని ఎందుకు కూసున్నవయ్యా?" అని కసురుకుని పోయాడు. ఆ రోజు ఆయన ముఖం గీద్దామన్నా చెయ్యి ఆడలేదు.

ఇంట్లోనే గీసుకునేవాణ్ని. చాయ్ గ్లాసు, తాళంచెవి, నిద్రపోతున్న పిల్లి. మానలేదు, అదొక్కటే చెప్పుకోగలను. మానేస్తే వాళ్లందరి అనుమానం నిజమయినట్టు ఉంటుందని పంతం కూడా ఉండేది. గుమ్మం దాటితే మాత్రం ప్రతి పొద్దునా అరుగు మీదినుంచి అవ్వ గొంతు వినిపించేది. "కొడుకా, మల్ల గియ్యలేదు గద?"

"లేదు అవ్వా."

కొన్నేళ్లు అలాగే గడిచాయి. పుకార్లు చల్లారాయి. అందరూ మరిచిపోయారనుకున్నాను. అప్పుడు మునిసిపాల్టీవాళ్లు నిజంగానే వచ్చారు.

నాకు ఆ వారం మధ్యాహ్నం షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాను. దర్జీ భాయ్ పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, మీ సాబులొచ్చిండ్రు! నువ్వొచ్చి మాట్లాడు!" మీ సాబులట! చొక్కా తొడుక్కుని వెళ్లేసరికి గల్లీలో ఇద్దరు మనుషులు ఇనుప గొలుసు పరిచి కొలుస్తున్నారు. ఇంకొకడి చేతిలో ఎర్ర రంగు డబ్బా, కుంచె. వాళ్లకు పెద్దాయన ఒకడు నోటుబుక్కుతో నిలబడి ఉన్నాడు. ఇళ్ల గోడల జోలికి పోలేదు. ముందుకు పొడుచుకొచ్చినవాటి మీదే గీత పెడుతున్నారు. చెక్కలు, మెట్లు, అరుగులు.

అవ్వ అరుగు మీదే కూర్చుని ఉంది. ఆ నోటుబుక్కు పెద్దాయన దగ్గరకు వచ్చేసరికి లేచి లోపలికి వెళ్లింది. బయటికి వచ్చేటప్పుడు ఆమె చేతిలో ఆ చుట్ట ఉంది. విప్పి ఆయన ముందు పట్టింది. 

"ఇగో సారూ, నక్షా. దీంట్ల అరుగు లేదు. లేని అరుగు మీద గీత ఎట్ల పెడ్తవ్?"

గల్లీ అంతా గుమిగూడింది. నవ్వినవాడు ఒక్కడు లేడు. వాళ్లంతా నిజంగానే ఆశ పెట్టుకున్నారు. ఒక్క క్షణం నేను కూడా పెట్టుకున్నాను, నా మొహం మండ! ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నాడు. కాగితాన్ని చూశాడు, అరుగును చూశాడు, అవ్వను చూశాడు. తర్వాత కాగితాన్ని ఎండకు ఏటవాలుగా పట్టాడు. గాడిలో నీడ పడింది. అరుగు, పగిలిన మూలతో సహా, లేచి కనిపించింది.

"చెరిపింది కనపడుతనే ఉన్నది గద అవ్వా" అన్నాడు మెత్తగానే. "బొమ్మ మంచిగ కుదిరింది. ఎవరు గీసిండ్రు?"

వేళ్లన్నీ నా వైపు లేచాయి. అన్నేళ్లలో నా బొమ్మను బొమ్మ అన్న మొదటి మనిషి ఆయనే. పక్కనే ఎర్ర రంగు డబ్బా. ఆ మెచ్చుకోలు తీసుకోవాలో నేలకేసి కొట్టాలో నాకు తెలియలేదు. కుంచె అరుగు మీద ఈ చివరినుంచి ఆ చివరికి గీత లాగింది.

వాళ్లు మలుపు తిరిగాక అవ్వ నా వైపు తిరిగింది. "సరిగ చెరపరాకపాయెనా కొడుకా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను గీస్తె లేచిందా అవ్వా అరుగు, నేను చెరిపితె పోనీకి? ఎన్నిసార్లు చెప్పాలె మీకు?" అని గల్లీ నడుమ అరిచాను.  నా భార్య వచ్చి నా రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.  అవ్వ అన్నది తప్పని నాకు తెలుసు. అయినా అది పోదే, ముల్లులా లోపల గుచ్చుకునే ఉంది. ఇంకొంచెం మెత్తని పెన్సిలుతో గీసి ఉంటే అని కూడా ఒకసారి అనిపించింది. చూశారా, చివరకు నన్ను కూడా వాళ్లలో కలిపేసుకున్నారు.

గడ్డపారలు వచ్చినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి షాబాదు బండలు ముక్కలై గోడకు చేరేసి ఉన్నాయి. దర్జీ భాయ్ చెక్క కూడా పోయింది. మిషను లోపలికి పెట్టి, పొద్దంతా బల్బు వేసుకుని కుట్టుకునేవాడు. అవ్వ గుమ్మంలో గడప మీద కూర్చునేది. కాళ్లు గల్లీలో పెట్టాలి. సైకిలు వస్తే లోపలికి తీసుకోవాలి, అది పోయాక మళ్లీ బయట పెట్టాలి. మోకాలు మడిచి కూర్చునే చోటే లేదు. నల్లా దగ్గర లొల్లి అయితే అక్కడికక్కడే కొట్టుకుని అక్కడే తేల్చుకునేవాళ్లు. ఆమె దగ్గరకు ఎవరు వస్తారు, వస్తే నిలబడేదెక్కడ? నాతో ఆమె మాట్లాడేది కాదు. పొద్దున ఆ ప్రశ్న వినపడకపోతే నాకు హాయిగా ఉండాలి. ఉండలేదు.

ఎండాకాలం పోయి వానలు మొదలయ్యాక ఒక ఆదివారం నేను గుమ్మం దాటుతుంటే పిలిచింది. "కొడుకా, జర ఇటు రా. పెన్సిలున్నదా?"

ఉంది. ఆమె లోపలికి వెళ్లి ఆ చుట్ట తెచ్చింది. అంచులు నలిగిపోయాయి. విప్పి నా చేతికిచ్చింది.

"అరుగు గియ్యి."

"లేదు గద అవ్వా."

"లేదు గనకనే గియ్యమంటున్న. ఉన్ననాడు చెరపమన్న. ఇప్పుడు గియ్యి."

ఎదురుగా అదే రాయి మీద కూర్చున్నాను. గల్లీలో ఒక్కరూ ఏమీ లోపలికి లాక్కోలేదు. లాక్కోవడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. కాగితం మీద గాడి ఇంకా ఉంది. పెన్సిలు దాంట్లో పడి దానంతటదే నడిచింది. అవ్వ వచ్చి నా భుజం మీదినుంచి చూస్తూ నిలబడింది.

"ఎడమదిక్కు మూల పగిలింది. మర్సిపోకు."

"మర్సిపోలే."

కాగితంలోని ముసలామె కిందికి మెల్లగా బండ వచ్చింది. గాలిలోంచి దిగి కూర్చుంది. దర్జీ భాయ్ లోపలినుంచి మెడ చాచి, "భాయ్, మేరా తఖ్తా భీ" అన్నాడు. నీ చెక్క ఎప్పుడూ చెరపలేదు కదయ్యా, ఉంది అన్నాను. పాత గీత ఎక్కడ ఆగిందో అక్కడ నేనూ ఆగాను.

"గింతేనా?" అంది అవ్వ. "ఇంకింత ముంగటికి గుంజు."

"ఇంతకంటె ముంగటికి లేకుండె అవ్వా."

"ఇప్పుడు కొల్వనీకి ఎవడొస్తడు? గుంజు."

ఎంత లాగితే కుదురుతుందో చూద్దామని అలవాటుగా చెయ్యి బారుగా చాచి, ఒక కన్ను మూశాను. ఎదురుగా ఉత్త గడప, దాని ముందు వాన నీళ్లు నిలిచిన నేల.

"కొల్వకు కొడుకా" అంది. "గియ్యి."

కన్ను తెరిచి, అవ్వ చాలు అనేదాకా గీత ముందుకు లాగాను.